ముందు చక్రం లోపల

వినీల ఆ మోటారు సైకిలును పోట్లాడి మరీ తెచ్చుకుంది.

అది వాళ్ళ తాతగారు డేనియల్ మేష్టారిది. రాజోలు పక్క పల్లెలో ఆయన పనిచేసిన మిషన్ బడి వెనక, విరిగిన బెంచీలు పడేసే షెడ్డులో, ఆయన పోయిన తరవాత కూడా అలాగే ఉండిపోయింది. ఇంగ్లండులో తయారైన బీఎస్‌ఏ బండి. బడిని చూసుకునే దొరగారొకాయన తన దేశం వెళ్ళిపోతూ మేష్టారికి ఇచ్చి వెళ్ళాడట. షెడ్డు పడగొడుతున్నామని సంఘం పెద్దలు ఫోను చేసినప్పుడు వినీల నాన్న రమేష్ బాబు, "పాత ఇనుము వాళ్ళకి తూకానికి వేసెయ్యండి" అన్నాడు. పుట్టింటికొచ్చి పక్కన కూర్చుని వింటున్న వినీల ఫోను లాక్కుని, "వెయ్యొద్దండి, నేనొచ్చి తీసుకెళ్తాను" అంది.

"నీకెందుకే ఆ తుక్కు?" అన్నాడు నాన్న.

"అది ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలి."

అదొక కారణమేనని ఆమెకు తప్ప ఇంట్లో ఎవరికీ అనిపించలేదు.

వినీల భీమవరంలో రొయ్యల ల్యాబులో పనిచేస్తుంది. చెరువుల వాళ్ళు పొద్దున్నే పాలిథిన్ సంచుల్లో నీళ్ళూ, వాటిలో నీరసంగా కదిలే రొయ్యలూ పట్టుకొచ్చి బల్ల మీద పెడతారు. మైక్రోస్కోపు కింద మొప్పలు చూసి, పేగు చూసి, జబ్బేంటో చెప్పడం ఆమె పని. జబ్బు పేరు తెలియగానే రైతు వెళ్ళిపోతాడు. ఆమె మాత్రం అది ఆ చెరువుకే ఎందుకొచ్చింది, గట్టు ఇవతల చెరువుకి ఎందుకు రాలేదు అని అన్నం తింటూ కూడా ఆలోచిస్తుంది. భర్త విజయ్ పాల్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాడు. "మా ఆవిడకి చచ్చినదేదైనా దొరికిందా, పోస్టుమార్టం అయ్యేదాకా వదలదు" అని స్నేహితుల దగ్గర నవ్వుతూ అంటాడు.

బండిని ఉండి రోడ్డులో ఎజ్రా షెడ్డుకు చేర్చారు. ఎజ్రాది వాళ్ళ చర్చే. ఆరాధనలో తబలా వాయిస్తాడు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల గేరుబాక్సులు బాగుచేయడం అతని వృత్తి. ఉప్పునీళ్ళలో నానిన ఇనుముతో అతనికి చాలా ఏళ్ళ సావాసం ఉంది గానీ, ఇంగ్లండు బండిని మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

"నాకూ తెలీదు, నీకూ తెలీదు. బానే ఉంది జోడీ," అన్నాడు బండి చుట్టూ తిరిగి చూసి. "ఆదివారం ఆరాధన అయ్యాక రా చెల్లెమ్మా. మెల్లిగా చూద్దాం."

అలా ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. వానాకాలం ముగిసేసరికి ఇంజను పలికింది. షెడ్డంతా తెల్లటి పొగ నిండిపోయి, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూశారు. కానీ బండి అంగుళం కదల్లేదు. ముందు చక్రం బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ కలిసి తోస్తే, లోపల ఎవరో రాళ్ళు నములుతున్నట్టు కరకరమని ఆగిపోయింది.

"బేరింగులు పోయాయి," అన్నాడు ఎజ్రా. "ఇది మన పనే. గంటలో తీసేస్తాను."

చక్రం ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టారు. చక్రం నడుమ ఉండే ఇనప డొల్ల పేరు హబ్. దానికి రెండు వైపులా చెరో బేరింగు కూర్చుని ఉంటుంది. ఒక వైపుది కాసేపు తట్టేసరికి బయటికొచ్చింది. రెండో వైపు మాత్రం బేరింగుకు పైన గుండ్రటి ఇనప మూత ఒకటి మరతో బిగించి ఉంది. పానా పట్టడానికి దానికి మూలలు లేవు. చుట్టూ నాలుగు చిన్న కన్నాలున్నాయి, అంతే. ఎజ్రా ఒక కన్నంలో పంచ్ అనే ఉక్కు ములుకు ఆనించి, ఎడమ వైపుకి తిరిగేలా సుత్తితో కొట్టాడు. మూత కదల్లేదు. కిరసనాయిలు పోసి వారం రోజులు నానబెట్టి మళ్ళీ కొట్టాడు. ఆ తరవాతి ఆదివారం డీజిలు పోసి, పెద్ద సుత్తి తీసుకుని కొట్టాడు. పంచ్ జారి, కన్నం అంచు కాస్త చిట్లింది.

"అన్నయ్యా, ఆపు," అంది వినీల.

"ఇంకో నాలుగు దెబ్బలేస్తే—"

"వద్దు. ముందు దాన్ని చూడనీ."

ల్యాబులో రొయ్యల పెంకు మీద మచ్చల్ని ఫొటో తీయడానికి ఫోనుకు తగిలించే చిన్న అద్దం ఒకటి ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తగిలించి నాలుగు కన్నాలనూ ఒక్కొక్కటిగా ఫొటో తీసింది. తరవాత స్టూలు లాక్కుని కూర్చుని వాటిని పెద్దవి చేసి చూస్తూ ఉండిపోయింది. ఎజ్రా ఈలోపు టీ తెప్పించాడు. ఆమె గ్లాసు చల్లారిపోయింది.

"ఇటు చూడు," అంది చివరికి. "కన్నానికి ఈ పక్కన మెరుస్తున్న గాట్లు మనవి. వాటి కిందే, తుప్పు లోపల, పాత గాట్లు కూడా ఉన్నాయి. కానీ ఇవి పైపైన పడ్డవి. అవతలి పక్క చూడు. అవి కూడా పాతవే, ఎంత లోతుగా ఉన్నాయో! ఇనుము ముద్దగా ఒరిగిపోయింది."

"అంటే దీన్ని ఇదివరకు ఎవడో విప్పాడు."

"విప్పాడు, మళ్ళీ బిగించాడు. రెండు పక్కలా కొట్టాడు. విప్పడానికి గట్టిగా కొట్టాలా, బిగించడానికా?"

ఎజ్రా నోటి దాకా వచ్చిన గ్లాసును బల్ల మీద పెట్టేశాడు. "విప్పడానికే. బిగించేటప్పుడు మెల్లిగా తడతాం." కాసేపు చేతిని గాలిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఓరి దేవుడా! ఎడమ మర! సైకిలుకి ఎడమ పక్క పెడలు ఇలాగే ఉంటది. చక్రం తిరిగేటప్పుడు దానంతటది వదులైపోకుండా తిరగేసి మర వేశారు. ఇన్నాళ్ళూ మనం దీన్ని విప్పుతున్నామనుకుని బిగిస్తున్నాం చెల్లెమ్మా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ తరవాత కుడి వైపుకి కొడితే మూత మొదట కీచుమంది, తరవాత కొంచెం జరిగింది, ఆ పైన చేత్తోనే ఊడి వచ్చింది.

కింద బేరింగు మీద బురద గట్టిపడి ఉంది. నల్లటి గ్రీజు ఉండాల్సిన చోట బూడిదరంగు మట్టి. వినీల దాన్ని చిటికెడు తీసి కాగితంలో పొట్లం కట్టుకుంది. మర్నాడు ల్యాబులో అద్దం కింద చూస్తే సన్నటి ఇసుక, దానిలో అభ్రకం తునకలు తళుక్కుమన్నాయి. చెరువుల బురదలో అలా ఉండవు. అది గోదావరి ఒండ్రు. అంటే చక్రం ఎప్పుడో వరదనీళ్ళలో మునిగింది. ఎందుకు ఆగిపోయిందన్నది తేలినట్టే. కానీ ఆమె తృప్తిపడలేదు. అంతకుముందు దాన్ని విప్పినవాళ్ళెవరు? ఏం చెయ్యడానికి విప్పారు?

తరవాతి ఆదివారం అవతలి వైపు నుంచి ఇరుసు దూర్చి కొట్టినప్పుడు బేరింగు రాలేదు. అది విడిపోయింది. లోపలి రింగు ఊడిపడింది, గోళీలు జలజలా రాలి షెడ్డంతా దొర్లాయి. గోళీలు తిరిగే బయటి రింగు మాత్రం హబ్‌లోనే ఉండిపోయింది. దాన్ని మెకానిక్కులు కప్పు అంటారు. అది హబ్ గోడకు అతుక్కుపోయి, దానిలో ఒక భాగమైనట్టు ఉంది. వెనక నుంచి కొట్టడానికి అంచు కూడా దొరకడం లేదు. హబ్ గట్టు దాన్ని పూర్తిగా కప్పేసింది.

"వేడి చేద్దాం," అన్నాడు ఎజ్రా. "హబ్ వేడెక్కి పెద్దదైతే కప్పు వదులవుతుంది."

గ్యాసు మంట పెట్టారు. హబ్ మీద నీటిచుక్క పడితే సుయ్యిమనేంత వేడెక్కింది. కప్పు రాలేదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి ముక్కలు తెప్పించి, ఒక పక్క హబ్‌ను కాలుస్తూ ఇంకో పక్క కప్పులో ఐసు నింపారు. ఆవిరి లేచింది, నీళ్ళు కారాయి, అంతే.

వినీల మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. "రెండూ ఇనుమే కదన్నయ్యా. వేడి దీన్నుంచి దానికి వెళ్ళిపోతోంది. రెండూ కలిసే పెద్దవవుతున్నాయి, కలిసే చిన్నవవుతున్నాయి. మధ్యలో సందే రావడం లేదు."

"మరి కప్పు ఒక్కటే చిన్నదవ్వాలి. ఎలా అవుతుంది?"



పక్క షెడ్డులో లోవమ్మ అని తునివైపు మనిషి ఏరేటర్ల ఫ్రేములకు వెల్డింగు చేస్తుంది. మాట పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆ వేళ ఆమె తన ఫ్రేము ఒకదాన్ని నేలకేసి కొడుతూ గట్టిగా తిట్టుకుంటోంది. వినీల వెళ్ళి ఏమైందని అడిగింది.

"ఏముందండీ మేడంగారూ, ఎప్పుడూ ఉండే ఖర్మే. కొలత పెట్టి, బిగించి మరీ అతుకు వేస్తాను. వేడి మీద నిటారుగానే ఉంటది. చల్లారేసరికి ఇదిగో, అతుకు వేసిన పక్కకి గుంజేసుకుంటది. మళ్ళీ కొట్టి తిన్నగా చెయ్యాలి. ఈ ఇనుముకి బుద్ధి లేదు."

"గుంజుకుంటుందా? ఎటు?"

"అతుకు ఎటుంటే అటేనండి. లోపల వేస్తే లోపలికే."

వినీల వంగి ఆ అతుకును వేలితో తడిమి చూసింది. తరవాత ఒక్కసారిగా వెనక్కి తిరిగి, "అన్నయ్యా, ఒకసారి ఇటు రా!" అని కేక వేసింది.

ముగ్గురూ హబ్ మీద వంగారు. కప్పు లోపల చుట్టూ వెల్డింగు చారలా వేస్తే? అది చల్లారుతూ లోపలికి గుంజుకుంటే, కప్పు ఒక్కటే చిన్నదవుతుంది. హబ్ మాత్రం అలాగే ఉంటుంది. చెబుతున్నప్పుడు బాగానే ఉంది గానీ, లోవమ్మ ముఖం ముడుచుకుంది.

"నేను అతికించడానికే వెల్డింగు చేస్తానండి. ఊడదీయడానికి ఎప్పుడూ చెయ్యలేదు. నా చెయ్యి ఒక్క పిసరు జారిందనుకోండి, మీ కప్పు హబ్‌కి అతుక్కుని ఇక జన్మలో రాదు."

"ఇప్పుడు మాత్రం వస్తోందా?" అన్నాడు ఎజ్రా.

"పాడైతే నన్ననకూడదు మరి."

"అననండి," అంది వినీల.  అలాంటి హబ్ మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలియదు. అయినా ఇనుము నిజంగా అలా గుంజుకుంటుందో లేదో కళ్ళారా చూడాలన్న కోరిక భయం కన్నా పెద్దదైపోయింది.

లోవమ్మ హబ్ అంచుకు తడిగుడ్డ చుట్టి, ముసుగు దించుకుని, ఊపిరి బిగబట్టి కప్పు లోపల చుట్టూ ఒక చార లాగింది. నీలం వెలుగు ఆరిపోయాక లోపల ఎర్రటి కంకణంలా కనిపించింది.  ఎరుపు నల్లబడింది. చిటచిటమంది. చక్రాన్ని తలకిందులుగా పట్టుకుని ఎజ్రా చెక్కసుత్తితో అలా తాకించాడో లేదో, కప్పు టప్పున నేల మీద పడింది.

"నా తల్లే!" అంది లోవమ్మ, ముసుగు ఎత్తి. ఇనుమును అన్నదో తనను తాను అనుకున్నదో తెలియలేదు.

కప్పుతోబాటు ఇంకొకటి కూడా పడింది. సన్నటి రేకు పట్టీ. కప్పు చుట్టూ, దానికీ హబ్‌కీ మధ్య చుట్టి ఉంది. తుప్పుపట్టి, వేడికి కమిలిపోయినా ఆకారం చెడలేదు. వినీల దాన్ని చల్లార్చి, బ్రష్షుతో రుద్ది, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పట్టీ నిండా వరసలు వరసలుగా సన్నటి కన్నాలు. మూసుకుపోయినవి కొన్ని, వెలుతురు దూరేవి కొన్ని.

"కప్పు వదులైతే సందు పూడ్చడానికి రేకు పెట్టాడు. అంతవరకు తెలుస్తోంది," అన్నాడు ఎజ్రా. "ఈ కన్నాలెందుకు? గ్రీజు నిలవడానికా?"

"ఇంత వరసగా చేత్తో ఎవరు పొడుస్తారు? ఇది మిషను మీద చేసింది. వేరే దేన్నుంచో కత్తిరించారు," అంది వినీల.

"జల్లెడ ముక్కండి," అంది లోవమ్మ. "పిండి జల్లించేదీ కాదు, బియ్యందీ కాదు. ఏ జల్లెడో మరి."

వినీల పట్టీని గుడ్డలో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఇంట్లో రూతు మామ్మ ఉంది. డేనియల్ మేష్టారి భార్య. రాజమండ్రిలో కొడుకు రమేష్ బాబు దగ్గర ఉండే ఆవిడ, కంటి శుక్లం ఆపరేషనుకని భీమవరం వచ్చి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మనవరాలి ఇంట్లోనే కొన్నాళ్ళుగా ఉంటోంది. షెడ్డుకు వస్తానంటే దుమ్ము పడకూడదని విజయ్ పాల్ ఆపుతూ వచ్చాడు. కళ్ళద్దాలు ఆ వారమే తీసేశారు. పొద్దున్నించీ గోడ మీద క్యాలెండరులో చిన్న అక్షరాలన్నీ పైకి చదువుతోంది.

"మామ్మా, ఇదేంటో చెప్పు చూద్దాం," అని వినీల పట్టీని ఆవిడ అరచేతిలో పెట్టింది.

మామ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వేలితో కన్నాల వరస తడిమింది. ఒక్కసారి అదోలా నవ్వింది.

"ఇది నా స్టవ్వుదే అమ్మలూ. ఎక్కడ దొరికింది?"

"స్టవ్వుదా?"

"వత్తుల స్టవ్వే. కిరసనాయిలుది. దానికి నిలువునా కన్నాల గొట్టాలుంటాయి చూడు, ఒకదాన్లో ఒకటి. వాటి మధ్యనుంచి నీలంగా మండుతుంది. ఆ బయటి గొట్టం ముక్క ఇది. ఎక్కడుందో చెప్పు ముందు."

"తాతయ్య బండి ముందు చక్రంలో. బేరింగు చుట్టూ."

"చక్రంలోనా!" మామ్మ మంచం మీద కూర్చుంది. "అన్నేళ్ళు అడిగాను మీ తాతని. ఆ లాంచీ ఆయన ఎక్కడ పెట్టాడండీ నా రేకు అని. లోపల పెట్టాడు అనేవారు. ఎక్కడ లోపల? ఇంజను లోపలా, సీటు లోపలా? ఆయనకీ తెలిస్తేగా!"

విజయ్ పాల్ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మామ్మ చెప్పడం మొదలుపెట్టింది.

"మీ నాన్న కడుపులో ఉన్నాడు. కాన్పుకి నర్సాపురం మిషన్ ఆసుపత్రిలో చేరాలి. బండి మీద సఖినేటిపల్లి రేవు దాకా వచ్చి, పంటు మీద గోదారి దాటాలన్న మాట. నా ఒళ్ళో సంచి, సంచిలో స్టవ్వు. అప్పట్లో ఆసుపత్రిలో వేణ్ణీళ్ళు కాచుకోవాలన్నా మన స్టవ్వు మనమే పట్టుకెళ్ళాలి. దార్లో ముందు చక్రం ఊగడం మొదలెట్టింది. మీ తాత హ్యాండిలు పట్టుకుంటే ఆయన భుజాలు రెండూ గడగడా వణుకుతున్నాయి. నేను వెనక కూర్చుని, ప్రభువా ప్రభువా అనుకుంటున్నాను. ఎలాగో రేవు చేరాం. అప్పుడే పంటు వెళ్ళిపోయింది."

"మరి?"

"రేవులో లాంచీ ఇంజను చూసే ఆయనొకాయన ఉండేవాడు, బంగార్రాజు అని. చక్రం పట్టుకుని ఇటూ అటూ ఊపి చూశాడు. మేష్టారూ, లోపల వదులైపోయింది, పంటు తిరిగొచ్చేలోపు సర్దుతాను గానీ పల్చటి రేకు కావాలి అన్నాడు. రేవులో ఉన్న డబ్బాలన్నీ తుప్పువే. వెతికి వెతికి నా దగ్గరికొచ్చి, అమ్మగారూ మీ స్టవ్వు ఒకసారి ఇస్తారా అన్నాడు. టీ కాచుకుంటాడు కాబోలనుకుని ఇచ్చేశాను."

విజయ్ పాల్ పగలబడి నవ్వాడు.

"నవ్వకు నాయనా, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కత్తెర తీసి నా కొత్త స్టవ్వుని కరకరా కోసేశాడు! లేచి అడుగుదామంటే నడుము పట్టేసింది. నొప్పులు మొదలయ్యాయి. తాళ్ళ చుట్ట మీద కూర్చుండిపోయాను. మీ తాతేమో పంటు వస్తోందా లేదా అని గట్టు మీద నిలబడి గోదారివైపే చూస్తున్నారు. ఆ రాజు ఏం చేశాడో, ఎక్కడ దూర్చాడో ఎవరూ చూళ్ళేదు. అయిపోయాక చేతులు తుడుచుకుంటూ, ఇది అవతలి ఒడ్డు దాకా పనికొస్తుంది మేష్టారూ, అక్కడ సరైనది వేయించుకోండి అన్నాడు."

"తాతయ్య వేయించారా?"

"ఎక్కడా! ఆ సాయంత్రమే మీ నాన్న పుట్టాడు. ఇక బండి సంగతి ఎవరికి గుర్తుంది? చక్రం ఊగడం మానేసింది. అలాగే తిరిగారు, చాలా ఏళ్ళు. మీ నాన్న పదో క్లాసు అయ్యాక పెద్ద వరదొచ్చింది. బడంతా నీళ్ళే. నీళ్ళు తీశాక చూస్తే చక్రం కదల్లేదు. ఇంగ్లండు నించి సామాను ఎవడు తెస్తాడు అని సైకిలు కొనుక్కున్నారు."

వినీల రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చుంది. మామ్మ పక్కనే ఉండగా తను బురదను అద్దం కింద పెట్టి చూసింది! "మామ్మా, వరద సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

"నువ్వు అడిగితేగా! ఆ బండి పేరెత్తితే ఇంజను, ఇంజను అంటావు." మామ్మ పట్టీని మళ్ళీ వెలుతురుకు పెట్టి చూసింది. "ఆ స్టవ్వు ఆ తరవాత ఓ పక్క ఎర్రగా మండేది. మీ నాన్న పాలగిన్నె తోమలేక చచ్చేదాన్ని. మసి. అంతా మసే. తోమినప్పుడల్లా అనుకునేదాన్ని, నా రేకు ఎక్కడ తిరుగుతోందో అని. నిజంగానే తిరుగుతోందన్న మాట!"

మర్నాడు మామ్మ ఎవరు చెప్పినా వినలేదు. ఆటో పిలిపించుకుని షెడ్డుకు వచ్చింది. ఎజ్రా కుర్చీ తుడిచి వేశాడు గానీ ఆవిడ కూర్చోలేదు. హబ్‌లోకి చూపుడువేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"ఇక్కడేనా?"

"అక్కడేనండి మామ్మగారూ. చూడండి, ఈ పక్క గోడ అరిగిపోయింది. కప్పు వదులై లోపలే తిరిగేసింది. ఆ లాంచీ ఆయన ఆ సందులో రేకు చుట్టి బిగించాడు."

"కన్నాలు ఉండబట్టి బిగిసిందా, లేకపోయినా బిగిసేదా?"

ఎజ్రా తల గోక్కున్నాడు. "నాకూ తెలీదండి. రాత్రంతా అదే ఆలోచించాను. కన్నాల దగ్గర రేకు కాస్త నలిగి, ఎంత సందుంటే అంత పూడ్చుకుని ఉంటది. కన్నాల్లేని రేకైతే ఇంత కుదురుగా కూర్చునేది కాదేమో."

"ఆయనకది తెలిసే నా స్టవ్వు అడిగాడంటావా, దొరికింది కదాని కోశాడంటావా?"

 అది అడగడానికే వినీల సఖినేటిపల్లి రేవుకు వెళ్ళింది. బంగార్రాజు పోయి చాలా కాలమైందని, కొడుకులు విశాఖపట్నం వెళ్ళిపోయారని అక్కడి టీకొట్టు ఆయన చెప్పాడు. ఆ ఒక్క ప్రశ్నా అలాగే మిగిలిపోయింది.

ఈసారి రేకు పెట్టలేదు. లేతు మిషను మీద హబ్ అరుగుదలను సమంగా కోయించి, లోపల కొత్త ఇనప వలయం దిగ్గొట్టించారు. బేరింగులు చెన్నై నుంచి వచ్చాయి. వాటిని ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచడానికి వినీల మేనేజరు దగ్గర అనుమతి తీసుకుంది. ఎందుకని ఆయన అడిగి, కారణం విని, తనూ షెడ్డుకు వచ్చి నిలబడి చూశాడు. వేడెక్కిన హబ్‌లోకి చల్లటి బేరింగు సుత్తి దెబ్బ అక్కర్లేకుండా జారి కూర్చుంది. ఎజ్రా మూతను ఎడమకి తిప్పి బిగించాడు. పట్టీని మామ్మకి ఇవ్వబోతే, "ఇక దాంతో నాకు పనేంటి? స్టవ్వు ఎప్పుడో పోయింది" అని ఆవిడ వద్దంది. లోవమ్మ అడిగి తీసుకుంది. ఎందుకని అడిగితే, "ఊరికేనండి, బాగుంది" అంది.

వినీలకు స్కూటీ తప్ప రాదు. ఈ బండికి గేరు కుడికాలికి ఉంది, బ్రేకు ఎడమకాలికి. విజయ్ పాల్ స్కూలు గ్రౌండులో సెలవు రోజంతా తిరిగి తిరిగి నేర్చుకుంది. రెండుసార్లు గోల్‌పోస్టు దాకా వెళ్ళి ఆగింది. విజయ్ పాల్ ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాడు.

రోడ్డెక్కిన రోజు వెనక సీటు మీద కూర్చుంటానని మామ్మ పట్టుబట్టింది. చీర కొంగు నడుముకు బిగించి, మనవరాలి భుజం పట్టుకుని పక్కకి తిరిగి కూర్చుంది. కాలవ గట్టున ఆకివీడు వైపు మెల్లిగా వెళ్తున్నారు. ఇంజను డుగుడుగుమంటోంది. చక్రం ఊగడం లేదు. అయినా మామ్మ ఒక చెవి ముందుకు వంచి వింటోంది.

రొయ్యల ఫీడు బస్తా వేసుకుని ఎక్సెల్ మోపెడ్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన వేగం తగ్గించి వాళ్ళ పక్కకి వచ్చాడు.

"ఏం బండండీ ఇది? భలే ఉందే!"

"బీఎస్‌ఏ," అంది మామ్మ. "మా ఆయనది. ముందు చక్రానికి ఎడమ మర ఉంటది తెలుసా?"

"ఎడమ మరాండీ? ఎందుకలాగ?"

"చక్రం తిరుగుతుంటే వదులైపోకుండా. మీ బండికి ఎలా ఉందో చూసుకున్నారా ఎప్పుడైనా?"

"లేదండీ, ఎప్పుడూ చూడలేదు!" ఆయన తన ముందు చక్రం వైపు వంగి చూసుకున్నాడు. బండి కాస్త తూలింది. మళ్ళీ సర్దుకుని దగ్గరికొచ్చాడు. "లోపల బేరింగు పాడైతే ఎలా తీస్తారండి మరి?"

"అదో పెద్ద కథ. అతికించేదానితోటే ఊడదీశారు."

"అతికించి ఊడదియ్యడమేంటండీ?"

మామ్మ గొంతు పెంచి మొదటి నుంచీ చెప్పసాగింది. ఇంజను చప్పుడులో సగం మాటలు ఎగిరిపోతుంటే ఆయన "ఆఁ? ఆఁ?" అని మళ్ళీ మళ్ళీ అడిగించుకున్నాడు. వినీల నవ్వాపుకుంటూ ఎవరూ వెనకబడకుండా అదే వేగంతో నడిపింది. లోవమ్మ చార లాగే దగ్గరికి కథ వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"అయ్యో, మా చెరువు దారి దాటొచ్చేశానండీ!" అని బ్రేకు వేశాడు. తరవాత ఒక్క క్షణం ఆలోచించి, "సర్లెండి, తర్వాత ఏమైంది?" అంటూ మళ్ళీ పక్కకి వచ్చాడు.